కౌమార మాతృత్వం: కుటుంబ ఆసరా, తల్లి మనసు

ఇరవయ్యో ఏడు నిండకముందే బిడ్డను కన్న తల్లిని కౌమార తల్లి అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 10 నుంచి 19 ఏళ్ళ మధ్య వయసును కౌమారంగా లెక్కిస్తుంది. ఆ సంస్థ అంచనా ప్రకారం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లో 15-19 ఏళ్ళ అమ్మాయిలు ఏటా సుమారు 2 కోట్ల 10 లక్షల మంది గర్భం దాలుస్తున్నారు. సుమారు 1 కోటి 20 లక్షల ప్రసవాలు జరుగుతున్నాయి.

అమెరికా, బ్రిటన్‌లలో ఈ విషయంపై వచ్చిన పరిశోధనల్లో కనిపించేది ఎక్కువగా పెళ్ళికాని తల్లి. తెలుగు రాష్ట్రాల్లో కౌమార తల్లుల్లో అత్యధికులు పెళ్ళయినవారే. మెడలో తాళి ఉంటుంది, ఇంటినిండా మనుషులుంటారు. కాబట్టి ఆమె మనసు ఎలా ఉందో విడిగా అడగాలని ఎవరికీ తోచదు. ఇంట్లో నలుగురు ఉన్నంత మాత్రాన ఆసరా ఉన్నట్టు కాదు. చదువు మాన్పించి పెళ్ళి చేసిన ఇల్లే ఆమెకు పురుడు పోస్తుంది, ఆమె కష్టం చెప్పుకోవాల్సిందీ ఆ ఇంటివాళ్ళకే. ఈ చిక్కుముడిని పట్టించుకోకుండా కౌమార తల్లుల మానసిక ఆరోగ్యాన్ని అర్థం చేసుకోలేం. ఈ వ్యాసం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల పరిస్థితిని ప్రధానంగా తీసుకుని, పోలిక అవసరమైన చోట బయటి అధ్యయనాలను ప్రస్తావిస్తుంది.

లెక్కలు

2019-21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో అప్పటికే తల్లులైనవారు లేదా గర్భంతో ఉన్నవారు దేశవ్యాప్తంగా 6.8 శాతం. 2005-06లో ఇది 16 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 12.6 శాతం, అంటే జాతీయ సగటుకు దాదాపు రెట్టింపు. అంతకుముందు 2015-16 సర్వేలో అక్కడ 11.8 శాతమే ఉండేది. దేశమంతా తగ్గుతున్న కాలంలో ఆంధ్రలో పెరగడం మీద జరగాల్సినంత చర్చ జరగలేదు. అదే వ్యవధిలో తెలంగాణలో దాదాపు సగానికి తగ్గి 5.8 శాతానికి చేరింది. 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం, దేశంలో 23.3 శాతం.

చదువుకూ దీనికీ ఉన్న ముడి ఈ సర్వేలో స్పష్టంగా కనిపిస్తుంది. బడి ముఖం చూడని అమ్మాయిల్లో 18 శాతం కౌమారంలోనే తల్లులు లేదా గర్భిణులు కాగా, 12 ఏళ్ళు, ఆపైన చదివినవారిలో 4 శాతమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు మూడు వేల మంది పిల్లలను ఏళ్ళ తరబడి అనుసరించిన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనమూ ఇదే చెప్పింది. పదిహేనేళ్ళకు బడిలో ఉన్న అమ్మాయికి పెళ్ళి వాయిదా పడుతుంది. బడి మానేసిన అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలవుతుంది.

ఆంధ్రకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే దాదాపుగా స్త్రీకి చేసే ఆపరేషనే. పెళ్ళయిన స్త్రీలలో 69.6 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నారు, ఇది దేశంలోనే అత్యధికం. మాత్రలు, లూప్, నిరోధ్ వాడకం నామమాత్రం. పదిహేడేళ్ళకు పెళ్ళి, ఏడాది తిరిగేసరికి తొలికాన్పు, రెండేళ్ళకు మలికాన్పు, పాతికేళ్ళు నిండకముందే ఆపరేషన్. పెళ్ళి ఎప్పుడు, బిడ్డ ఎప్పుడు, ఇక చాలని ఎప్పుడు అనుకోవాలి అన్న మూడు నిర్ణయాల్లో ఆ అమ్మాయి మాట ఎక్కడుందో వెతికితే తరచుగా కనిపించదు. మనసు కుంగుబాటుకు నేల అక్కడే తయారవుతుంది.

పుట్టిల్లు

తొలికాన్పు పుట్టింట జరగాలన్నది తెలుగువారి ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి పిల్లను తీసుకొస్తారు. ప్రసవం ఇప్పుడు దాదాపు పూర్తిగా ఆసుపత్రుల్లోనే జరుగుతున్నా, ఆ తర్వాతి నెలలు మాత్రం పుట్టింటివే. బాలింతకు తలకు గుడ్డ, చెవుల్లో దూది, వెల్లుల్లి కారంతో పథ్యపు అన్నం, కాయం ముద్ద, సాంబ్రాణి పొగ. అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపి, పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంటే, పక్కన చెంబు అందిస్తూ నిలబడిన పదిహేడేళ్ళ తల్లి ఆ చేతులు ఎలా కదులుతున్నాయో చూస్తుంది. బిడ్డను పెంచడం ఆమె నేర్చుకునేది అలాగే. రాత్రి బిడ్డ ఏడిస్తే లేచేది ఆమె ఒక్కతే కాదు. తను నిద్రపోయే వీలుంటుంది. ప్రసవానంతర కుంగుబాటును తెచ్చిపెట్టే కారణాల్లో నిద్రలేమి, చేతిసాయం లేకపోవడం ముఖ్యమైనవి కాబట్టి ఈ ఆనవాయితీకి వైద్యపరంగానూ విలువ ఉంది.

అలాగని పుట్టిల్లు అన్నివేళలా మెత్తని చోటు కాదు. అప్పు చేసి పెళ్ళి చేసినవారు పురిటి ఖర్చుతో మళ్ళీ అప్పు చేస్తారు. ఇంట్లో పెళ్ళికెదిగిన చెల్లెలుంటే అక్క ఎక్కువకాలం ఉండటం గురించి ఊరు మాట్లాడుతుంది. పథ్యం పేరుతో పప్పులు, ఆకుకూరలు, పళ్ళు, చివరికి నీళ్ళు కూడా తగ్గించే అలవాటు రక్తహీనతను పెంచుతుంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో రక్తహీనత ఆంధ్రలో 60.1 శాతం, తెలంగాణలో 64.7 శాతం. నీరసంగా ఉన్న బాలింతకు బెంగ కూడా తోడైతే, ఏది రక్తం లేక, ఏది మనసు బాగోక అన్నది ఇంటివారికే కాదు, డాక్టరుకూ ఒక్కోసారి అంతుపట్టదు.

అత్తిల్లు

మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తింటికి పంపుతారు. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అందరూ అతి తక్కువగా పట్టించుకున్న మలుపు ఇదే. పసిబిడ్డల ఇంటి సందర్శన పథకం కింద ఆశ కార్యకర్త ప్రసవం తర్వాత 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. ఆ తర్వాతి రాకలు మూడో నెలతో మొదలై మూణ్ణెల్లకోసారి. తొలి నలభై రెండు రోజులూ అమ్మాయి ఉండేది పుట్టింటి ఊళ్ళో. తర్వాత వెళ్ళేది ఇంకో ఊరికి, ఒక్కోసారి ఇంకో జిల్లాకు. పుట్టింటి ఊరి ఆశ దృష్టిలో ఆమె వెళ్ళిపోయింది. అత్తింటి ఊరి ఆశకు ఆమె వచ్చిన సంగతి వెంటనే తెలియకపోవచ్చు. కుంగుబాటు మాత్రం ప్రసవమైన మొదటి ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. చేతిసాయం తగ్గి, వంట, పశువుల పని, పొలం పని తిరిగి మీదపడి, బిడ్డను ఒంటరిగా చూసుకోవాల్సి వచ్చే ఈ నెలల్లోనే ఆమె రెండు ఊళ్ళ రిజిస్టర్ల మధ్య జారిపోతుంది.

అత్తగారి పాత్ర గురించి సినిమాలూ సీరియళ్ళూ చెప్పేదానికంటే పరిశోధన చెప్పేది పనికొస్తుంది. తమిళనాడు పల్లెల్లో 359 మంది గర్భిణులను చివరి నెలల్లోనూ, ప్రసవమైన 6-12 వారాలకూ పరీక్షించిన అధ్యయనం 2002లో వెలువడింది. కొత్తగా కుంగుబాటుకు లోనైనవారు 11 శాతం. తక్కువ రాబడి, కొడుకు కావాలనుకుంటే కూతురు పుట్టడం, గర్భంతో ఉండగా ఇంట్లో పెద్ద కష్టాలు రావడం, అత్తగారితోనూ కన్నవారితోనూ సరిపడకపోవడం, పనిలో చేతిసాయం లేకపోవడం అందుకు కారణాలుగా తేలాయి. అత్తగారితోపాటు కన్నవారి పేరు కూడా అందులో ఉందన్నది గమనించాలి. అదే ఏడాది గోవా నుంచి వచ్చిన అధ్యయనంలో ప్రసవమైన 6-8 వారాలకు 23 శాతం తల్లుల్లో కుంగుబాటు కనిపించింది. పేదరికం, భర్త కొట్టడం, పుట్టింది ఆడపిల్ల కావడం అక్కడ ముందువరుసలో ఉన్న కారణాలు. భారతదేశంలోని అధ్యయనాలన్నిటినీ కలిపి 2017లో లెక్కగడితే సగటున 22 శాతం తల్లులకు ప్రసవానంతర కుంగుబాటు ఉన్నట్టు తేలింది. ఇవి అన్ని వయసుల తల్లుల లెక్కలు. కౌమార తల్లి దగ్గర ఈ కారణాల్లో చాలావరకు ఒకేసారి పోగుపడతాయి.

మేనరికం ఈ ప్రాంతంలో ఇంకా బలంగా ఉంది. మేనమామకో, మేనత్త కొడుకుకో ఇస్తే పిల్ల తెలిసినవాళ్ళ మధ్యే ఉంటుందని పెద్దల ధీమా. ఆ ధీమాలో కొంత నిజం లేకపోలేదు, అత్తగారు చిన్నప్పటి నుంచీ ఎత్తుకున్న మనిషే కావచ్చు. కానీ కష్టం వస్తే చెప్పుకునే దారి కూడా అక్కడే మూసుకుపోతుంది. అమ్మమ్మే అత్తగారైనప్పుడు ఆ అమ్మాయి ఎవరి మీద ఎవరికి ఫిర్యాదు చేస్తుంది? ‘మనింట్లో మాట బయటికి పోకూడదు’ అన్న మాటతో ముగిసిపోతుంది.

ఇక భర్త. అతనికీ తరచుగా ఇరవై నాలుగైదేళ్ళే. హైదరాబాదుకో బెంగళూరుకో పనికి పోయినవాడైతే తండ్రయ్యాక నెలకో రెండు నెలలకో వచ్చిపోతాడు. బిడ్డను ఎత్తుకోవడం, రాత్రి మేలుకోవడం మగవాడి పని కాదన్న అలవాటు ఒకటి. అయినా చిన్నవయసు తల్లులతో పనిచేసే నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఒక మాట చెబుతుంటారు: ఆయన రోజూ ఫోన్ చేసి బిడ్డ గురించే కాక ‘నువ్వు తిన్నావా’ అని అడిగితే ఆ పిల్ల ముఖం వేరుగా ఉంటుంది.

జబ్బు ఎలా కనిపిస్తుంది

ప్రసవమైన మూడో రోజు నుంచి పది రోజుల దాకా ఊరికే ఏడుపు రావడం, చిరాకు, బెంగ చాలామందికి ఉంటాయి. హార్మోన్లు ఒక్కసారిగా పడిపోవడం వల్ల వచ్చే ఈ దశ దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద ధ్యాస పోతే, తిండీ నిద్రా పట్టకపోతే, బతకడం ఎందుకనిపిస్తే అది కుంగుబాటు, వైద్యం కావాల్సిన జబ్బు. వేయి ప్రసవాలలో ఒకరిద్దరికి వచ్చే ప్రసవానంతర మతిభ్రమ ఇంకా తీవ్రమైనది. లేనివి వినిపించడం, బిడ్డ గురించి వింత అనుమానాలు మొదలైతే అదేరోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. పల్లెల్లో దీన్ని గాలి సోకిందనో దిష్టి తగిలిందనో తాయెత్తు కట్టించడంతో విలువైన రోజులు పోతాయి.

తెలుగింటి అమ్మాయి ‘నాకు డిప్రెషన్’ అని చెప్పదు. గుండె దడ అంటుంది, ఒళ్ళంతా మంటలంటుంది, తల బరువుగా ఉందంటుంది, పాలు పడటం లేదంటుంది. పాలు పడటం లేదన్న ఫిర్యాదు వెనక కుంగుబాటు ఉండొచ్చని ఎందరికి తడుతుంది? ప్రపంచమంతటా వాడే ఎడిన్‌బరో ప్రశ్నావళిని 1987లో ముగ్గురు బ్రిటిష్ పరిశోధకులు రూపొందించారు. అందులో పదే ప్రశ్నలు. అలసట, నీరసం వంటివి ఏ బాలింతకైనా ఉంటాయి కాబట్టి వాటిని కావాలనే వదిలేసి, నవ్వగలుగుతున్నావా, నిన్ను నువ్వే నిందించుకుంటున్నావా, ఊరికే భయం వేస్తోందా అన్న తీరులో మనసునే అడుగుతుంది. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచన గురించి. ఈ పది ప్రశ్నలు అడగడానికి అయిదు నిమిషాలు చాలు. టీకాల రోజున ఉప కేంద్రంలో వరుసలో కూర్చున్న తల్లిని బిడ్డ బరువెంత, పాలు తాగుతోందా, జ్వరం వచ్చిందా అని అడుగుతారు. తల్లి మనసు గురించి మాత్రం అడగరు.

ఈ అలక్ష్యానికి మూల్యం పెద్దది. 2016లో ప్రపంచంలో ఆత్మహత్య చేసుకున్న స్త్రీలలో దాదాపు 37 శాతం భారతీయులేనని లాన్సెట్ పత్రికల్లో వచ్చిన అధ్యయనం తేల్చింది. వారిలో పెళ్ళయిన చిన్నవయసు స్త్రీలు ఎక్కువ. ఒంటికి వచ్చే ముప్పు కూడా తక్కువేం కాదు. గుర్రపువాతం, ప్రసవానంతర ఇన్ఫెక్షన్లు, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ, ఇవన్నీ 20-24 ఏళ్ళ తల్లులకంటే కౌమార తల్లులకు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బరువు తక్కువ బిడ్డను చూసి ఇంట్లోవాళ్ళు ‘నీకు పెంచడం రాదు’ అన్నప్పుడు ఒంటి కష్టం మనసు కష్టమవుతుంది.

ఏది పనిచేసింది

అమెరికాలోని బాల్టిమోర్‌లో 1960లలో మొదలైన అధ్యయనంలో సామాజిక శాస్త్రవేత్త ఫ్రాంక్ ఫర్‌స్టెన్‌బర్గ్ సుమారు 300 మంది కౌమార తల్లులను పదిహేడేళ్ళపాటు అనుసరించాడు. వారిలో అత్యధికులు పేద నల్లజాతి కుటుంబాల అమ్మాయిలు. అందరూ అనుకున్నట్టు వారి బతుకులు అక్కడితో ఆగిపోలేదు. చాలామంది తిరిగి చదువుకుని, ఉద్యోగాలు చేసి నిలదొక్కుకున్నారు. తొలి ఏళ్ళలో కన్నవారింట ఉండి, బిడ్డను చూసుకునే అమ్మమ్మ ఉన్నవారు చదువు పూర్తి చేయగలిగారు. 1970ల చివర న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ మొదలుపెట్టిన కార్యక్రమంలో తొలిచూలు తల్లుల ఇంటికి గర్భం నుంచి బిడ్డకు రెండేళ్ళు నిండేదాకా ఒకే నర్సు వెళ్ళేది. మనిషి మారకపోవడమే దాని బలం.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ పాకిస్తాన్‌లో ఉంది. రావల్పిండి జిల్లా పల్లెల్లో అతిఫ్ రహమాన్ బృందం, మన ఆశల వంటి లేడీ హెల్త్ వర్కర్లకు కొద్దిపాటి శిక్షణ ఇచ్చి కుంగుబాటు ఉన్న 903 మంది తల్లులతో ప్రయోగం చేసింది. 2008లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలలకు ఆ సాయం పొందినవారిలో 23 శాతం మందిలో మాత్రమే కుంగుబాటు మిగలగా, పొందనివారిలో 53 శాతం మందిలో మిగిలింది. కార్యకర్తలు ‘మీ కోడలికి మానసిక జబ్బు’ అని గడప తొక్కలేదు. బిడ్డ బాగా ఎదగడానికి వచ్చామన్నారు. బిడ్డ బాగు కోసమంటే అత్తగారు కూర్చుని వింది, భర్త విన్నాడు. తల్లి తన ఒంటిని చూసుకోవడం, బిడ్డతో గడపడం, చుట్టూ ఉన్నవారితో మాట కలపడం, ఈ మూడింటి చుట్టూనే సంభాషణ నడిచింది. తర్వాత గోవాలో సాటి తల్లులకే శిక్షణ ఇచ్చి ఇదే పద్ధతిని నడిపారు. గడప గడపకూ ఆశలు, అంగన్‌వాడీలు ఉన్న తెలుగు రాష్ట్రాల్లో దీన్ని పెద్ద ఎత్తున అమలు చేయకపోవడానికి సరైన కారణం కనిపించదు.

చట్టం, పథకాలు

1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయసును 14గా పెట్టింది. 1978 సవరణ 18 చేసింది. 2007 నవంబరు 1 నుంచి అమల్లో ఉన్న బాల్య వివాహాల నిషేధ చట్టం కింద, మైనరుగా పెళ్ళయిన అమ్మాయి తనకు ఇరవై ఏళ్ళు నిండేదాకా ఆ పెళ్ళిని రద్దు చేయమని కోర్టును అడగవచ్చు. రద్దయినా బిడ్డ చట్టబద్ధ సంతానమే, భరణమూ కోరవచ్చు. ఈ హక్కు ఉన్నట్టు తెలిసిన కౌమార తల్లి అరుదు.

2012 నాటి పోక్సో చట్టం, 2017లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం 18 నిండని భార్యతో సంభోగం కూడా అత్యాచారమే. ఆసుపత్రికి వచ్చిన మైనరు గర్భిణి గురించి పోలీసులకు తెలియజేయాల్సిన బాధ్యత డాక్టరుది. చట్టం ఉద్దేశం పిల్లను కాపాడటం, అందులో సందేహం లేదు. కానీ భర్త జైలుకు పోతాడన్న భయంతో కుటుంబం ఆమెను ఆసుపత్రికి ఆలస్యంగా తెస్తుంది, వయసు ఎక్కువ చేసి రాయిస్తుంది. ఏ వయసు వల్ల ఆమెకు ఎక్కువ జాగ్రత్త కావాలో ఆ వయసునే దాస్తుంది. గర్భస్రావం కోరే మైనరు విషయంలో, పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, గుర్తులు వెల్లడించనక్కర్లేదని 2022 సెప్టెంబరు 29 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది.

పథకాల్లోనూ ఇదే చిక్కు. ఆసుపత్రి కాన్పుకు డబ్బిచ్చే జననీ సురక్షా యోజనలో, అలాంటి కాన్పుల్లో మెరుగైన రాష్ట్రాలకు పెట్టిన 19 ఏళ్ళ నిబంధనను 2013లో ఎత్తేశారు. కానీ తొలి బిడ్డకు రూ. 5,000 ఇచ్చే ప్రధానమంత్రి మాతృ వందన యోజనకు ఇప్పుడు కనీస వయసు 18 ఏళ్ళ 7 నెలలు. బాల్య వివాహాన్ని ప్రోత్సహించకూడదన్నది వాదన. పెళ్ళి నిర్ణయం తీసుకున్నది పెద్దలు, కోత పడేది ఆ అమ్మాయి పోషణకు. కల్యాణలక్ష్మి వంటి పెళ్ళి పథకానికి 18 ఏళ్ళ నిబంధన సమంజసం. కడుపుతో ఉన్న పిల్లకు అందాల్సిన డబ్బుకు వయసు నిబంధన అన్యాయం. తెలంగాణ అంగన్‌వాడీల్లో పెట్టే పూట భోజనానికి మాత్రం ఇలాంటి కొర్రీ లేదు, అక్కడికి వచ్చే నలుగురు తల్లుల మధ్య కూర్చుని తినడం కూడా చాలామందికి ఇంటి గోడల అవతల దొరికే ఏకైక తోడు.

చదువుకు తిరిగి వెళ్ళే దారి ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ సార్వత్రిక విద్యాపీఠాలు పది, ఇంటర్ పరీక్షలు రాయిస్తాయి. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేసినా, పెద్దయ్యాక ఆ పెళ్ళిని కాదని పుట్టింటివారి అండతో చదువుకున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్, తర్వాత ఆంధ్ర మహిళా సభ ద్వారా చదువు ఆగిపోయిన స్త్రీలకు మెట్రిక్ తరగతులు నడిపింది. బిడ్డను ఎవరు చూసుకుంటారన్న ప్రశ్నకు జవాబు లేకపోతే ఈ దారి కాగితం మీదే ఉంటుంది. ఆ జవాబు చెప్పాల్సింది అమ్మమ్మ, నాయనమ్మ, ఊళ్ళో శిశు సంరక్షణ కేంద్రం.

పెళ్ళికాని తల్లి సంగతి వేరు. ఆమెకు కుటుంబ ఆసరా అన్నదే మొదట పోతుంది, పరువు పేరుతో ఊరు మార్పించి, రహస్యంగా కాన్పు చేయించి, బిడ్డను దూరం చేస్తారు. బిడ్డను పెంచలేని తల్లి శిశు సంక్షేమ కమిటీకి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి చట్టం రెండు నెలల గడువిస్తుంది. ఆ రెండు నెలల్లో ఆమెతో మాట్లాడే మనిషి ఉండాలి, ఆ మాటలో బలవంతం ఉండకూడదు.

ఇంట్లోనో వీధిలోనో చిన్నవయసు తల్లి ఉంటే ఈసారి బిడ్డను చూడటానికి వెళ్ళినప్పుడు ముందు ఆమెను పలకరించండి, రాత్రి ఎంతసేపు నిద్రపోయిందో అడగండి. బెంగ రెండు వారాలు దాటితే టెలి మానస్ నంబరు 14416కు తెలుగులోనే ఫోన్ చేయవచ్చు. మైనరుకు ఆపద అయితే 1098, ఇంట్లో హింస ఉంటే 181. మూడూ ఉచితం.